ఇద్దరు పిల్లలు.. రెండే చేతులు

*ఇంకో బిడ్డను కనమని లోకం అడుగుతోంది. ఉన్న బిడ్డల్ని పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒక్కతే పెంచుతున్న అమ్మ రోజు ఎలా గడుస్తోందో అడిగేవాళ్లే తక్కువ.*

ఉదయం ఐదున్నర. హైదరాబాద్ నిజాంపేటలో ఓ అపార్ట్‌మెంట్, నాలుగో అంతస్తు. పద్నాలుగు నెలల పాప అమ్మ నైటీ అంచును గుప్పిట్లో బిగించి నిద్రపోతోంది. రాత్రి రెండుసార్లు పాలకు లేచింది, ఒకసారి ఊరికే లేచి ఆడుకుంది. అమ్మ ఆ చిట్టి వేళ్లను ఒక్కొక్కటే విడదీసి, తను పడుకున్నచోట దిండు పెట్టి, పట్టీలు మోగకుండా మంచం దిగుతుంది.

వంటింటి తలుపు దగ్గరగా వేస్తుంది, కుక్కర్ విజిల్‌కు పాప లేస్తుందని. ఒక పొయ్యి మీద ఇడ్లీ పాత్ర, ఇంకో పొయ్యి మీద బాబు బాక్సులోకి క్యారెట్ అన్నం. నాలుగేళ్ల బాబు ఎల్‌కేజీ. అన్నంలో ఆవాలు కనిపిస్తే తినడు, అందుకే పోపులో ఆవాలు వేయదు. భర్త అమెరికా వాళ్లతో కాల్స్ ముగించుకుని పడుకునేసరికి రాత్రి ఒంటిగంట దాటింది. ఎనిమిదిన్నర దాకా లేవడు.

ఆరుంబావుకు పాప ఏడుపు. చంకనెత్తుకుని, నూనె చిటపటలు దాని మీద పడకుండా పక్కకు తిరిగి నిలబడి, ఒంటిచేత్తో పోపు పూర్తి చేస్తుంది. ఏడింటికి బాబును లేపడం మొదలుపెడితే ఏడుంబావుకు లేస్తాడు. బ్రష్, స్నానం, యూనిఫామ్. ఒక షూ సోఫా కింద దొరుకుతుంది, రెండోది బాల్కనీలో. ఎనిమిదింటికి వ్యాన్. పాప చంకన, బాబు బ్యాగు భుజాన, వాటర్ బాటిల్ వేలికి తగిలించుకుని లిఫ్టులో కిందికి. తిరిగొచ్చేసరికి పాపకు డైపర్ మార్చాలి. భర్తకు కాఫీ, టిఫిన్. పాపకు ఉగ్గు. తను ఇడ్లీ తినేసరికి పది దాటుతుంది. అవి ఎప్పుడో చల్లారిపోయి ఉంటాయి.

ఇది ప్రత్యేకించి ఒక ఇంటి కథ కాదు. విజయవాడ సింగ్‌నగర్‌లో, వరంగల్ హన్మకొండలో, విశాఖ మధురవాడలో పసిపిల్లలున్న ఏ ఇంటి తలుపు తట్టినా వంటలూ వేళలూ మారతాయేమో గానీ, పద్ధతి ఇదే. ఆ తల్లిని ఎవరైనా "ఏం చేస్తుంటారమ్మా?" అని అడిగితే, "ఏం లేదండీ, ఇంట్లోనే ఉంటా" అంటుంది.

'ఇంకొకరిని కనండి'

తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు పిల్లల మాట రాజకీయ వేదికలెక్కింది. ఇద్దరి కంటే ఎక్కువ మంది పిల్లలుంటే స్థానిక సంస్థల ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధన 1990ల నుంచి ఉండేది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో దాన్ని ఎత్తేసింది. జనాభా తగ్గిపోతోంది, వృద్ధులు పెరుగుతున్నారు, కాబట్టి యువ జంటలు ఎక్కువ మంది పిల్లల్ని కనాలని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు పదేపదే చెబుతూ వస్తున్నారు. ఆ ఆందోళనకు ఆధారం లేకపోలేదు. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో మహిళకు సగటున ఆంధ్రప్రదేశ్‌లో 1.7 మంది, తెలంగాణలో 1.8 మంది పిల్లలు. జనాభా నిలకడగా ఉండాలంటే అది 2.1 ఉండాలి.

అయితే ఈ చర్చంతా కనడం దగ్గరే ఆగిపోతోంది. మూడో బిడ్డ మాట దేవుడెరుగు, రెండో బిడ్డకే చాలామంది ఎందుకు వెనకాడుతున్నారు? స్కూలు ఫీజులు, ఆసుపత్రి ఖర్చులు, ఇంటి అద్దె.. ఈ కారణాలు అందరూ చెప్పుకునేవే. ఇళ్లలో ఆడవాళ్లు తమలో తాము చెప్పుకునే కారణం ఇంకొకటి ఉంది. "ఒక్కదాన్నే చూసుకోలేనమ్మా" అన్నదే అది. ఆ మాటను ఫిర్యాదుగా కొట్టిపారేయకుండా, ఒక సమాచారంగా వినాల్సిన సమయం వచ్చింది.

■ గడియారం చెప్పిన లెక్క

*జాతీయ గణాంక కార్యాలయం 2024లో 1.39 లక్షల ఇళ్లలో 4.54 లక్షల మందిని కలిసి, ఒక రోజు తెల్లవారుజామున 4 గంటల నుంచి మర్నాడు 4 గంటల దాకా ఎవరు ఏం చేశారో అరగంట చొప్పున రాసుకుంది.*

*ఇంటి పనిచేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున వెచ్చిస్తున్నది 289 నిమిషాలు. ఇంటి పనిచేసే మగవాళ్లు వెచ్చిస్తున్నది 88 నిమిషాలు.*

*15-59 ఏళ్ల వయసు ఆడవాళ్లలో 41 శాతం మంది పిల్లలనో, పెద్దలనో చూసుకుంటున్నారు. అందుకు రోజుకు 140 నిమిషాలు పడుతోంది. అదే వయసు మగవాళ్లలో ఈ పని చేసేది 21.4 శాతం మంది. వాళ్లకు పడుతున్నది 74 నిమిషాలు.*

*2019 సర్వేలో ఇంటి పని ఆడవాళ్లకు 299 నిమిషాలు, మగవాళ్లకు 97. అంటే అయిదేళ్లలో ఇద్దరికీ ఓ పది నిమిషాలు తగ్గింది. ఇద్దరి మధ్య తేడా మాత్రం 202 నిమిషాల నుంచి 201కి వచ్చింది.*

ఆ చివరి అంకె దగ్గర కాసేపు ఆగాలి. వాషింగ్ మెషీన్లు, మిక్సీలు, గ్యాసు, కుళాయి నీళ్లు వచ్చి పని కొంత తగ్గి ఉండొచ్చు. మగవాళ్లు వచ్చి పంచుకోవడం వల్ల తగ్గింది మాత్రం కాదు.

ఇంకో సంగతి. చిన్నపిల్లల తల్లి రోజులో పనులు ఒకదాని తర్వాత ఒకటి రావు, ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. కూర తరుగుతున్నప్పుడూ చెవి పక్క గదిలోనే ఉంటుంది. బట్టలారేస్తున్నప్పుడు కన్ను బాల్కనీ గ్రిల్ మీదే ఉంటుంది. పిల్ల మరీ నిశ్శబ్దంగా ఉంటే ఇంకా కంగారు, ఏదో నోట్లో పెట్టుకుని ఉంటుందని. ఈ కాపలాకు ఏ కాలమ్‌లోనూ పూర్తి లెక్క దొరకదు.

కుట్లు మానకముందే

ఈ శ్రమ మొదలయ్యేది ఆపరేషన్ గది నుంచి. తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లేనని అయిదో కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. దేశంలోని రాష్ట్రాల్లో ఇదే అత్యధికం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, దేశం మొత్తం మీద సగటు 21.5. ఈ తేడాకు కారణాల మీద చాలా చర్చ జరిగింది. ఆ తర్వాత ఇంట్లో ఏం జరుగుతోందన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు.

కడుపు కోసి బిడ్డను తీసిన తల్లికి డాక్టర్లు చెప్పే మొదటి జాగ్రత్త, ఆరు వారాల పాటు బిడ్డ కంటే బరువైనదేదీ ఎత్తొద్దని. మొదటి కాన్పయితే ఎలాగోలా గడుస్తుంది. రెండో కాన్పుకు ఇంట్లో మూడేళ్ల పెద్దపిల్ల ఉంటుంది. చెల్లిని ఎత్తుకుంటున్న అమ్మను చూసి అదీ చేతులు చాస్తుంది. పన్నెండు, పదమూడు కిలోల బిడ్డ "నన్నూ ఎత్తుకో" అని ఏడుస్తుంటే కుట్లు గుర్తొచ్చే తల్లులు తక్కువ.

పుట్టిన బిడ్డకు రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలివ్వాలి. ఒక్కోసారి అరగంట. పాలిచ్చి, భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమిరి, పడుకోబెట్టేసరికి తర్వాతి పాల వేళ దగ్గరపడుతుంది. ఆరో నెలలో అన్నప్రాశన చేశాక సులువవుతుందనుకుంటారు గానీ, అసలు వంట అప్పుడే రెండింతలవుతుంది. తొమ్మిది నెలలు దాటిన బిడ్డకు తల్లిపాలతో పాటు రోజుకు మూడు నాలుగుసార్లు మెత్తని ఆహారం పెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బియ్యం, పెసరపప్పు వేయించి మరపట్టించిన ఉగ్గు, నెయ్యన్నం పప్పు, ఉడికించిన చిలగడదుంప. వండడానికి పావుగంట, తినిపించడానికి ముప్పావుగంట, నేల తుడవడానికి ఇంకో పావుగంట.

ఆ చేతులన్నీ ఏమయ్యాయి?

తెలుగు ఇళ్లలో బాలింత ఒంటరిగా ఉండటమన్నది ఒకప్పుడు ఎరగని సంగతి. తొలి కాన్పు పుట్టింట్లో. పదకొండో రోజు పురుడు, ఇరవై ఒకటో రోజు ఉయ్యాల. నువ్వుల నూనె పట్టించి, కాళ్లు చాపి పీట మీద కూర్చుని, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోయడానికి ఓ పెద్దావిడ ఉండేది. సాంబ్రాణి వేసేది ఒకరు, బాలింతకు కాయం నూరి పెట్టేది ఒకరు. చేసినందుకు ఆ పెద్దావిడకు చీర, బియ్యం ముట్టేవి. మూడో నెలలోనో, అయిదో నెలలోనో తల్లీబిడ్డా అత్తారింటికి చేరితే అక్కడ తోడికోడళ్లు, ఆడపడుచులు, పక్కింటి పిన్నిగారు. పిల్ల ఒక చంక నుంచి ఇంకో చంకకు మారుతూ పెరిగేది.

ఆ రోజులు బంగారమని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఆ ఉమ్మడి ఇంట్లో అందరికంటే చివర తినేది కోడలే. పసివాళ్లను ఎత్తుకు తిప్పింది చాలాచోట్ల ఎనిమిదేళ్ల అక్క, ఆ పిల్ల బడి మానేయడం వల్లే అది సాధ్యమైంది. ఇప్పుడా అక్క బడిలో ఉంది. ఉండాలి కూడా. అమ్మమ్మలు కొందరు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు, కొందరు పొలం, పాడి వదిలి రాలేరు, కొందరికి మోకాళ్లు సహకరించవు. కాన్పు కోసం కూతుళ్లు పుట్టింటికి వెళ్లినా, పెద్దపిల్ల స్కూలు కోసమో, భర్త భోజనం కోసమో రెండో నెలకే తిరిగి వచ్చేస్తున్నారు. అలా అంతమంది చేసిన పని వరసగా ఒక్కొక్కరి నుంచి జారి, చివరికి ఒక్క మనిషి మీదికి వచ్చి చేరింది. దీన్ని ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. చదువులు, వలసలు, సిటీ అద్దెలు, రెండు పడకగదుల ఇళ్లు కలిసి చేసిన మార్పిది.

పనిమనిషిని పెట్టుకోగలిగిన ఇళ్లలో గిన్నెలు, గదులు గడిచిపోతాయి. పిల్లల్ని చూసుకునే ఆయాకు ఇచ్చేంత జీతం మధ్యతరగతి ఇంట్లో మిగలదు. ఆ ఆయా పిల్లల్ని ఎవరు చూస్తున్నారన్న ప్రశ్న సరేసరి. బస్తీలో ఆమె ఇంటి తలుపు దగ్గర ఆరేళ్ల పిల్ల రెండేళ్ల తమ్ముణ్ని చూసుకుంటూ ఉండొచ్చు.

'ఇంట్లోనే ఉంటుందిగా'

ఈ ఒక్క మాటతో ఇంటిల్లిపాది పనులూ ఆమె జాబితాలో చేరిపోతాయి. గ్యాస్ బండ వస్తే తీసుకునేది ఆమె. మామగారి బీపీ మాత్రలు, కరెంటు బిల్లు, పాప టీకా కార్డు, బాబు స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్ పోటీకి అల్లూరి సీతారామరాజు వేషం, అన్నీ ఆమెవే. రాత్రి తొమ్మిదింటికి స్కూలు వాట్సప్ గ్రూపులో 'రేపు పసుపు రంగు బట్టల్లో పంపండి' అని మెసేజ్ వస్తే, చూసేది ఆమే, వెతికేది ఆమే.

పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో చదువుకున్న అమ్మాయి పెళ్లయ్యాక ఇల్లు అలికి ముగ్గులు పెడుతూ, ఇల్లాలిగా, అమ్మగా పిలిపించుకుంటూ, ఒకరోజు తన పేరే మర్చిపోతుంది. ఆ పేరు వెతుక్కుంటూ ఇల్లు దాటి బయల్దేరుతుంది. దశాబ్దాల నాటి ఆ కథను తెలుగు పాఠకులు ఈనాటికీ తలుచుకుంటున్నారంటే కారణం దూరంగా వెతకనక్కర్లేదు. నేటి తల్లి నంబరు స్కూలు గ్రూపులో, ఫ్లాట్ల గ్రూపులో 'ఫలానా బాబు మమ్మీ' అనే సేవ్ అయి ఉంటుంది.

ఈ పనికి విలువ ఉందని గట్టిగా చెప్పింది న్యాయస్థానాలే. అదీ విషాదం జరిగాక, నష్టపరిహారం లెక్క కట్టాల్సి వచ్చినప్పుడు.

■ కోర్టు గుమ్మంలో ఇల్లాలి పని

*2001:* *1989లో జంషెడ్‌పూర్‌లో జరిగిన అగ్నిప్రమాద బాధితుల కేసులో, చనిపోయిన గృహిణుల సేవల విలువను నెలకు రూ. 3,000గా సుప్రీంకోర్టు లెక్కించింది.*

*2010:* *జనాభా లెక్కల్లో గృహిణులను బిచ్చగాళ్లు, ఖైదీల సరసన 'ఉత్పాదకత లేనివారి'గా చేర్చడాన్ని సుప్రీంకోర్టు తప్పుబట్టింది.*

*2021 జనవరి 5:* *ఢిల్లీలో ద్విచక్ర వాహనం మీద వెళ్తూ కారు ఢీకొని మరణించిన దంపతుల కేసు. వాళ్లకు చిన్నారి కూతుళ్లున్నారు. సుప్రీంకోర్టు పరిహారాన్ని రూ. 22 లక్షల నుంచి రూ. 33.20 లక్షలకు పెంచింది. ధర్మాసనంలోని జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన తీర్పులో వంట, సరుకులు, పిల్లలూ పెద్దల ఆలనాపాలన, ఇంటి బడ్జెట్, పల్లెల్లో అయితే నాట్లు, కోతలు, పశువుల పని దాకా ఇల్లాలు చేసేవన్నీ వరసపెట్టారు. ఇంటి పనే తమ ప్రధాన వ్యాపకమని 2011 జనగణనలో చెప్పిన ఆడవాళ్లు దాదాపు 16 కోట్లు, మగవాళ్లు 58 లక్షల లోపే అన్న సంగతీ గుర్తుచేశారు.*

*2023 జూన్:* *భార్య ఇంటిని చూసుకోవడం వల్లే భర్త సంపాదించగలిగాడు కాబట్టి, అలా కొన్న ఆస్తిలో ఆమెకూ సమాన వాటా ఉంటుందని ఓ కేసులో మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పింది.*

అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరంలో రైతు కుటుంబంలో పుట్టిన జస్టిస్ రమణ తీర్పులో నాట్లు, పశువుల ప్రస్తావన రావడం సహజమే. పల్లెల్లో 'ఇంట్లో ఉండే' తల్లి నిజానికి ఇంట్లో ఉండదు. పాలు పితికి కేంద్రానికి పోయాలి, పేడ తీయాలి, మిరప కోతల సీజన్లో చేలోకి వెళ్లాలి. చేలో చెట్టుకు చీరతో ఉయ్యాల కట్టి, బిడ్డను అందులో వేసి, సాలు చివర దాకా వెళ్లి తిరిగొచ్చేటప్పుడల్లా ఓసారి తొంగి చూసుకునే తల్లిని ఏ లెక్కలోకి రాయాలి?

ఫోను చేతికిచ్చి..

భోజనాల వేళ ఫోనులో పాటలు పెట్టే తల్లిని విమర్శించడం చాలా తేలిక. రెండేళ్ల లోపు పిల్లలకు స్క్రీన్ అసలు వద్దనీ, రెండు నుంచి అయిదేళ్ల పిల్లలకు రోజుకు గంట మించొద్దనీ ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ సలహా సరైనదే, తల్లులకూ తెలుసు. కానీ స్నానం చేసే ఏడు నిమిషాలు పిల్ల పొయ్యి వైపు వెళ్లకుండా చూసే మరో మనిషి ఇంట్లో లేనప్పుడు, ఆ పని ఫోను చేస్తోంది. ఫోను తగ్గించమని చెప్పే వాళ్లు, ఆ ఏడు నిమిషాలు పిల్లను ఎవరు పట్టుకుంటారో కూడా చెప్పాలి.

తల్లుల చేతిలో ఫోనుకు ఇంకో ముఖమూ ఉంది. యూట్యూబ్‌లో తెలుగు గృహిణుల వీడియోలకు కొదవ లేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి చేసే పనులు, ఆరు రోజుల లంచ్ బాక్సులు, పాలిచ్చే తల్లుల కోసం తెలగపిండి కూర. చూసేవాళ్లకు ఆ వంటల కంటే ఎక్కువగా దొరికేది తోడు. మధ్యాహ్నం మూడింటికి పిల్ల నిద్రపోయాక, ఎక్కడో కాకినాడలోనో నిజామాబాద్‌లోనో ఇంకొకామె కూడా అప్పుడే అన్నం తింటోందని చూడటం వాళ్లకు ధైర్యమిస్తుంది.

పైకి కనిపించని అలసట

మన దేశంలో జరిగిన అధ్యయనాలను క్రోడీకరించి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చిన పరిశీలన ప్రకారం, కాన్పయిన తల్లుల్లో 22 శాతం మందిలో కుంగుబాటు లక్షణాలున్నాయి. అంటే ప్రతి అయిదుగురు బాలింతల్లో కనీసం ఒకరు. అకారణంగా ఏడుపు రావడం, బిడ్డను చూసినా ఏమీ అనిపించకపోవడం, బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టకపోవడం, నేను మంచి తల్లిని కానన్న ఆలోచన పీడించడం. ఇంట్లోవాళ్లు దీన్ని దిష్టి అంటారు, నీరసం అంటారు, 'మేం కనలేదా' అంటారు. రెండు వారాలు దాటినా ఈ స్థితి తగ్గకపోతే అది వైద్యం అవసరమైన సమస్య. వైద్యంతో తగ్గే సమస్య కూడా. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్‌కు 14416 నంబరులో ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫోన్ చేయాల్సింది తల్లే కానక్కర్లేదు, భర్త చేసినా, అత్తగారు చేసినా సాయం అందుతుంది.

అమెరికాలో అయితే..

డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు తల్లికి డిష్‌వాషర్ ఉంటుంది, తలుపు తట్టే పక్కింటి ఆవిడ ఉండదు. భర్తది హెచ్1బీ, ఆమెది దాని మీద ఆధారపడిన హెచ్4 వీసా. ఇంజినీరింగ్ చదివినా ఆ వీసా మీద ఉద్యోగం చేసే వీలు చాలాకాలం లేదు. 2015 మే నుంచి, భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశ దాటిన వారికి మాత్రం పని అనుమతి దొరుకుతోంది. మిగతావాళ్లు ఇల్లే లోకంగా ఉండాల్సిందే. కాన్పు సమయానికి ఇక్కడి నుంచి పెద్దవాళ్లు విజిటర్ వీసాల మీద వెళ్తారు. సాధారణంగా ఒకసారికి ఆరు నెలలే ఉండనిస్తారు కాబట్టి, మొదటి ఆరు నెలలు అమ్మ, తర్వాతి ఆరు నెలలు అత్తగారు. శంషాబాద్ విమానాశ్రయంలో కాయం పొడి, ఉగ్గుపిండి, వెల్లుల్లి కారం సర్దిన సూట్‌కేసులతో నిలబడ్డ పెద్దావిడలు చాలామంది ఆ డ్యూటీకి బయల్దేరినవాళ్లే. పన్నెండు నెలలు నిండాక ఆ ఇంట్లో మళ్లీ తల్లీ, బిడ్డే.

మూడేళ్ల లోపు ఎవరూ లేరు

ప్రభుత్వాలు తల్లికి ఏమీ చేయడం లేదనడం అన్యాయం. గర్భిణికి ప్రధానమంత్రి మాతృవందన కింద డబ్బు, 102 వాహనం, తెలంగాణలో 2017లో కేసీఆర్ కిట్ పేరుతో మొదలైన సాయం, 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి భోజనం, ఆంధ్రప్రదేశ్‌లో బడికి వెళ్లే పిల్లల తల్లుల ఖాతాల్లోకి 'తల్లికి వందనం'. ఈ వరసను జాగ్రత్తగా చూస్తే మధ్యలో ఒక ఖాళీ కనిపిస్తుంది. కాన్పు దాకా, టీకాల దాకా ప్రభుత్వం తోడుంటుంది. మళ్లీ బడి వయసుకు వచ్చాక కనిపిస్తుంది. ఆ మధ్య, బిడ్డకు ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా, తల్లి ఒక్కతే.

అంగన్‌వాడీలు 1975 అక్టోబరు 2న మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 55 వేలు, తెలంగాణలో 35 వేలకు పైగా కేంద్రాలున్నాయి. ఇంత పెద్ద వ్యవస్థ ప్రతి ఊళ్లో, ప్రతి బస్తీలో సిద్ధంగా ఉంది. కానీ పూర్వ ప్రాథమిక చదువు కోసం కూర్చోబెట్టుకునేది మూడు నుంచి ఆరేళ్ల పిల్లలనే. మూడేళ్ల లోపు బిడ్డకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్ ఇంటికి ఇస్తారు. ప్యాకెట్ పోషణకు మంచిదే, దాన్ని కలిపి తినిపించే చెయ్యి మళ్లీ అమ్మదే.

అంగన్‌వాడీల్లోనే శిశు సంరక్షణ కేంద్రాలు నడపాలని కేంద్రం 'పాల్నా' పథకం పెట్టింది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలను పగలంతా చూసుకోవాలి. అందుకు దేశం మొత్తానికీ పెట్టుకున్న లక్ష్యం 17,000 కేంద్రాలు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉన్న అంగన్‌వాడీలే 90 వేలు. ఉద్యోగినుల విషయానికి వస్తే, 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం 26 వారాల సెలవు, 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో క్రెష్ తప్పనిసరి చేసింది. 27వ వారంలో ఏం చేయాలో తోచక ఉద్యోగం వదిలేసిన వాళ్లే తర్వాత 'గృహిణులు'గా లెక్కకు వస్తారు. చిన్న షాపుల్లో, ప్రైవేటు స్కూళ్లలో, ఇళ్లలో పనిచేసే వాళ్లలో చాలామందికి ఆ 26 వారాలూ అందవు.

దారి లేదా అంటే ఉంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో ఒక మంచి నిబంధన పెట్టారు. పనిచోటికి తల్లుల వెంట అయిదుగురు, అంతకు మించి పసిపిల్లలు వస్తే, వాళ్లను చూసుకోవడానికి ఒకామెను నియమించి, ఆమెకూ అందరితో పాటు కూలి ఇవ్వాలని. పిల్లల్ని చూడటం కూడా కూలి ఇవ్వాల్సిన పనేనని చట్టమే ఒప్పుకున్న సందర్భమది. పక్కనున్న కర్ణాటక 2023లో 'కూసిన మనె' పేరుతో నాలుగు వేల గ్రామ పంచాయతీల్లో శిశు సంరక్షణ కేంద్రాలు పెట్టాలని పూనుకుంది. తమిళనాడు అదే ఏడాది సెప్టెంబరు 15 నుంచి కోటి మందికి పైగా కుటుంబ మహిళలకు నెలకు వెయ్యి రూపాయలు ఇస్తూ, దానికి 'హక్కు సొమ్ము' అని పేరు పెట్టింది. వెయ్యి రూపాయలు చిన్న మొత్తమే, అయినా ఎందుకిస్తున్నారో చెప్పడంలో ఒక గౌరవం ఉంది. తెలుగు రాష్ట్రాల్లో మహిళలకు నెలనెలా డబ్బిస్తామన్న హామీలు ఎన్నికల సభల్లో బాగానే వినిపించాయి. పసిబిడ్డలకు సంరక్షణ కేంద్రం పెడతామన్న మాటకు మాత్రం ఆ సభల్లో పెద్దగా చోటు దొరకలేదు.

మళ్లీ గడప దాటాలంటే

చిన్నపిల్ల ఎల్‌కేజీలో చేరాక చాలామంది తల్లులు మొదట వెతుక్కునేది పిల్లలు చదివే స్కూల్లోనే టీచరు ఉద్యోగం. జీతం తక్కువైనా వేళలు కలుస్తాయి, సెలవులు కలుస్తాయి. ఇంకొందరు వాట్సప్‌లో చీరలు, మగ్గం పని బ్లౌజులు, పచ్చళ్లు, సున్నుండలు. బీటెక్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న అమ్మాయి నాలుగేళ్ల విరామం తర్వాత ఇంటర్వ్యూకు వెళితే, ఆ నాలుగేళ్లు ఏం చేశారని అడుగుతారు. ఇద్దరు మనుషుల్ని నడిపించి, మాట్లాడించి, అన్నం తినడం నేర్పానని ఆమె చెప్పలేకపోతోంది. అడిగే వాళ్లూ ఆ జవాబు కోసం సిద్ధంగా లేరు.

ఇష్టపడి ఇంట్లో ఉన్నవాళ్లూ ఉన్నారు, వాళ్లను తక్కువ చేయకూడదు. బిడ్డ తొలి అడుగు, తొలి మాట తన కళ్లముందే పడాలని కోరుకోవడం మంచి కోరికే. ఆ కోరిక తీరడానికి ఆమె నిద్ర, తిండి, స్నేహాలు, సొంత డబ్బు అన్నీ వదులుకోవాల్సి రావడం మాత్రం మంచిది కాదు.

నాన్న వంతు

ప్రభుత్వోద్యోగులకు 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. ప్రైవేటు రంగంలో ఆ సెలవును తప్పనిసరి చేసే చట్టమే లేదు. బాగా పెద్ద కంపెనీలు ఇస్తున్నాయి, మిగతావాళ్లు ఆసుపత్రి నుంచే ఆఫీసుకు వెళ్తున్నారు. చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేని పనులు మాత్రం ఇంట్లోనే చాలా ఉన్నాయి. ఆవాలు వేయని క్యారెట్ అన్నం నాన్న కూడా కలపగలడు. రాత్రి రెండో పాల వేళ తర్వాత పిల్లను భుజాన వేసుకోవడానికి, స్కూలు గ్రూపులో తన నంబరు చేర్పించుకోవడానికి, టీకా రోజు సెలవు పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అడిగితే చేసిపెట్టే సాయంగా కాకుండా, రోజూ తప్పని తన పనిగా కొన్నిటిని పూర్తిగా తీసుకుంటే ఆ 201 నిమిషాల తేడా మొదటిసారి కదులుతుంది.

ఇక ఎక్కువ మంది పిల్లలు కావాలంటున్న పాలకులకు ఈ తల్లుల తరఫున ఒక్క విన్నపం. తొంభై వేల అంగన్‌వాడీల్లో ఏటా కొన్నిటిలోనైనా మూడేళ్ల లోపు పిల్లలకు పగటి సంరక్షణ మొదలుపెట్టండి. శుభ్రమైన గది, నిద్రపోవడానికి ఉయ్యాలలు, శిక్షణ పొంది సరైన జీతం తీసుకునే ఇద్దరు మనుషులు ఉంటే చాలు. వచ్చే బడ్జెట్‌లో దానికి ఒక పద్దు పెట్టండి. మూడో బిడ్డ గురించి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.